ఒక్క ఓటునకు మూడు పెట్టెలు

మొన్నటి సంక్రాంతి సెలవులకు వెలుగోడు వచ్చిన నా పూర్వ విద్యార్థి యొకడు సాయంకాలము జలాశయపు కట్టమీద నాతో నడచుచు ఒక సందేహమును నా ముందుంచెను. అతడు హైదరాబాదులో ఒక కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. మనుష్యుడు యంత్రముతో వ్యవహరించుటకు ఆధారములైన తెరలను, మీటలను, గుర్తులను, ధ్వనులను కూర్చుట అతని పని. దానిని వారు 'యూజర్ ఇంటర్‌ఫేస్' అందురు. ఇప్పుడా ఇంటర్‌ఫేస్ ఒక్క యంత్రమునకు కట్టుబడి యుండక, చేతిలోని ఫోనుపై కొంత, గోడమీది తెరపై కొంత, మణికట్టు గడియారముపై కొంత, ఇట్లు పలు పరికరములకు పంచబడుచున్నదట. "సార్, దీన్ని తెలుగులో ఏమనల్ల?" అని అతని ప్రశ్న.

ఇట్టి ప్రశ్న ఎదురైనప్పుడు నిఘంటువును తలచుకొనుట తెలుగు పంతుళ్ళ స్వభావము. 'అంతర్ముఖము' అను మాటను సూచించువారు కలరు గాని అది నాకు రుచింపదు. అంతర్ముఖుడనగా లోచూపు గలవాడు. ఇంటర్‌ఫేస్ అట్టిది కాదు. అది బయటివానిని పలుకరించునది. మన పాత యిండ్లలో మొగసాల యని యొకటి యుండెడిది. వచ్చినవాడు అచ్చటనే కూర్చుండి ఇంటివారితో మాటలాడును. లోపలి వంటయిల్లు, ధాన్యపు కొట్టు అతనికి కనబడవు; కనబడనక్కరయు లేదు. యంత్రమునకు ఇంటర్‌ఫేస్ అట్టి మొగసాల. అయితే ఒకే యింటికి మూడు వీధులలో మూడు మొగసాలలుండి, వచ్చిన చుట్టము ఒకచోట కాళ్ళు కడుగుకొని, మరియొకచోట కుశలమడిగి, ఇంకొకచోట భోజనము చేయవలసివచ్చిన నేమగును? పేరు మాట తరువాత చూతము, మొదట ఇట్లు పంచవలసిన అగత్యమేమో చెప్పుమని నేనతనిని అడిగితిని.

అతడు శాస్త్ర చరిత్రనే చెప్పెను. 1991లో అమెరికాలోని జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమునకు చెందిన మార్క్ వైజర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. ముందు కాలమున కంప్యూటరు ఒక్క పెట్టెగా నుండక, అరచేతి బిళ్ళలుగా, పలకలుగా, గోడబల్లలుగా గదియంతట పరచుకొని, మనకు స్ఫురణకు రానంతగా నిత్యజీవితములో కలిసిపోవునని ఆయన ఊహ. 1997లో జపానులోని సోనీ పరిశోధనాలయమున జున్ రెకిమోటో ఒక పరికరపు తెరమీది వస్తువును కలముతో ఎత్తి వేరొక పరికరపు తెరమీద దించు ఉపాయమును చూపెను. పళ్ళెములోని ముద్దను విస్తరిలో పెట్టినట్లన్నమాట. ఇదంతయు వినుటకు సొంపుగనే యున్నది. కాని నేనడిగినది ఎట్లు పంచితిరని కాదు, ఎందులకు పంచితిరని.

మేము నిలిచియున్న కట్టయే దీనికొక దృష్టాంతము. ఈ జలాశయము తెలుగుగంగలో భాగము, 16.95 టి.ఎం.సి.ల నీరు పట్టును. శ్రీశైలపు నీరు బానకచెర్ల క్రాస్ రెగ్యులేటరు మీదుగా ఇచ్చటికి వచ్చి, ఇచ్చటినుండి దక్షిణముగా సాగి, కడకు చెన్నై పట్టణపు దాహము తీర్చును. బానకచెర్లలో తలుపు ఎత్తినవానికి ఇచ్చట మట్టము పెరుగుట కనబడదు. ఇచ్చట మట్టము చూచువానికి అచ్చటి తలుపు అందదు. చేయి యొకచోట, కన్ను మరియొకచోట. ఇద్దరి నడుమ వార్త సరిగా నడచినంతకాలము చిక్కు లేదు. ఈ విభజన నేల తీరు వలన వచ్చినది. ఎవరును కోరి తెచ్చుకొన్నది కాదు.

కోరి తెచ్చుకొన్న విభజన కూడ మనకు తెలిసినదే. ఈ పుటను చదువు ఉపాధ్యాయులలో దానిని స్వహస్తములతో నడపనివారు అరుదు. అది మన ఎన్నికల యంత్రము.

దానిని జనులు ఒక యంత్రమందురు గాని అది మూడు పెట్టెలు. ఉద్యోగి బల్లమీద నుండునది కంట్రోల్ యూనిట్. అట్టల చాటున ఓటరు ముందుండునది బ్యాలట్ యూనిట్. దాని ప్రక్కన చీటిని చూపునది వీవీప్యాట్. బ్యాలట్ యూనిట్ తంతి పొడవు సుమారు ఐదు మీటర్లు. ఉద్యోగి 'బ్యాలట్' అను మీటను నొక్కగా అతని పెట్టెపై ఎఱ్ఱదీపము వెలుగును, చాటునున్న పెట్టెపై పచ్చదీపము వెలుగును. ఓటరు తన అభ్యర్థి గుర్తు ప్రక్కనున్న నీలపు మీటను నొక్కును. ఆ పేరు ప్రక్కన ఎఱ్ఱదీపము వెలుగును. వీవీప్యాట్ గాజు వెనుక క్రమసంఖ్య, పేరు, గుర్తు గల చీటి ఏడు సెకనులు నిలిచి, లోపలి పెట్టెలో పడును. అప్పుడు ఉద్యోగి బల్లమీది పెట్టె దీర్ఘముగా కూయును. అచ్చటికి ఒక్క ఓటు ముగిసినది.

ఈ వ్యవహారములో ఎవరికేమి తెలియునో విచారింపుడు. ఓటు పడినదని ఉద్యోగికి తెలియును, ఎవరికి పడినదో తెలియదు. ఎవరికి వేసెనో ఓటరునకు తెలియును, అంతవరకు మొత్తమెన్ని పడినవో తెలియదు. మూలన కూర్చున్న ఏజెంటులకు ధ్వని వినబడును, గుర్తు కనబడదు. తలుపు తెరచు అధికారము ఒకనిది, లోపల ఎన్నుకొను స్వాతంత్ర్యము మరియొకనిది. ఇన్నియు ఒక్క పెట్టెలోనే ఉంచినచో రహస్యమైనను పోవును, లెక్కయైనను పోవును. ఎవరికేది తెలియరాదో ముందుగా నిర్ణయించి, ఆ నిర్ణయమును బట్టి పెట్టెను చీల్చినారు. పలు పరికరములకు పనిని పంచుటకు ఇంతకంటె గట్టి కారణమును నేనెరుగను. నా విద్యార్థి చెప్పిన బిళ్ళలకు, గడియారములకు ఇట్టి కారణమున్నదా యని నా సందేహము.

ఈ బుద్ధి మనకు ఒక్కనాట వచ్చినది కాదు. 1952 ఎన్నికలలో అభ్యర్థికొక ఇనుప పెట్టె. పెట్టెపై అతని గుర్తు. ఓటరు కాగితమును పుచ్చుకొని చాటునకు పోయి తనకు నచ్చిన పెట్టెలో వేయవలెను. చదువురానివాడు గీత గీయనక్కర లేకుండుటకై ఈ యేర్పాటు. దేశమంతటికిని సుమారు 25 లక్షల పెట్టెలు కావలసివచ్చినవి; హైదరాబాదులోని ఆల్విన్ కర్మాగారమును కొన్నిటిని చేసినది. ఆలోచింపగా అదియు పంచబడిన మొగసాలయే. కాని దానిలో నొక లోపమున్నది. ఓటరు ఒంటరిగా పలు పెట్టెల నడుమ నిలిచినప్పుడు అతడు చేసినది సరియైనదో కాదో అతనికి చెప్పు దిక్కులేదు. కాగితమును పెట్టెలో వేయక పైన పెట్టి నమస్కరించి వచ్చినవారు కలరు. లెక్కింపునాడు కొన్ని పెట్టెలలో నాణెములు, తిట్ల చీటీలు, సినిమా తారల బొమ్మలు కూడ బయటపడినవి. కాగితమును కొంగున దాచుకొని వెలుపలికి తెచ్చి అమ్ముకొనుటకును వీలుండెను. అందుచేత 1960–61 ప్రాంతమున కేరళ, ఒరిస్సాలలో ఆరంభించి, 1962 సాధారణ ఎన్నికల నాటికి, అందరి పేర్లును ఒకే కాగితముపై అచ్చువేసి ముద్ర కొట్టించు పద్ధతి వచ్చినది. అనగా పలు పెట్టెలు పోయి ఒక్క కాగితము మిగిలినది.

ఆ కాగితమునకును ఒక హద్దున్నదని 1996లో నల్లగొండ చూపినది. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయిన ఆ జిల్లాలో మంచినీటికై మొఱపెట్టుకొని అలసిన జనులు లోక్‌సభ ఎన్నికకు గుంపులుగా నామినేషనులు వేసిరి. బరిలో నిలిచినవారు 480 మంది. ఓటు కాగితము కాగితమనిపించుకొనక పుస్తకమైనది. అదే సంవత్సరము తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభా స్థానమునకు 1,033 మంది నిలిచిరి. వెంటనే ప్రభుత్వము లోక్‌సభ డిపాజిట్టును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచినది. బాధ చెప్పుకొనవచ్చినవాని గడపను ఎత్తుచేయుట కూడ ఒక పరిష్కారమే కాబోలు!

ఈలోగా యంత్రము వచ్చినది. 1977లో ఆలోచన పుట్టినది. 1979లో హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. నమూనాను చేసినది. 1982లో కేరళలోని పరవూరు స్థానమున 50 బూతులలో తొలిసారిగా వాడిరి. అచ్చటి కథ వినదగినది. యంత్రము వలదని ముందుగా కోర్టుకెక్కిన అభ్యర్థి ఆ యంత్రముతోనే 123 ఓట్ల ఆధిక్యమున గెలిచెను. ఓడిన అభ్యర్థి తరువాత వ్యాజ్యము వేయగా, చట్టములో యంత్రమునకు చోటులేదని 1984లో సుప్రీంకోర్టు ఆ 50 బూతులలో మరల ఓటింగు జరుపుమనినది. 1988లో చట్టమును సవరించిరి. 2004లో దేశమందలి 543 లోక్‌సభ స్థానములలోను యంత్రమే వాడబడినది. అదే సంవత్సరము హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో బ్యాలట్ యూనిట్ అంచున బ్రెయిలీ అంకెలను ప్రయత్నించి చూచిరి. చూపులేనివాని వ్రేలికి కూడ ఆ పెట్టె మాట చెప్పవలెనన్న ఆలోచన తెలుగునేలమీద తొలుత పరీక్షింపబడుట మనకు సంతోషము కలిగింపవలసిన విషయము. దానిని మనలో ఎందరు ఎరుగుదురు?

యంత్రమునకు అసలైన పరీక్ష 2019 ఏప్రిల్ 11వ తేదీన నిజామాబాదులో జరిగినది. పసుపునకు, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని కోరుచు 170కి పైగా రైతులు నామినేషనులు వేసిరి. మొత్తము అభ్యర్థులు 185, నోటాతో 186. ఒక బ్యాలట్ యూనిట్‌పై 16 పేర్లే పట్టును. పాత తరహా యంత్రమునకు నాలుగు యూనిట్లకు మించి తగిలింపరాదు, అనగా 64 వరుసలకే పరిమితి. కాగితమునకే మరలిపోవలెనేమోయని తలపోసిన తరువాత, 24 యూనిట్ల వరకు తగిలింపగల క్రొత్త తరహా యంత్రములను తెప్పించిరి. ఒక్కొక్క బూతులో ఒక్క కంట్రోల్ యూనిట్‌కు 12 బ్యాలట్ యూనిట్లను గొలుసుగా కట్టిరి. పదునొకండు యూనిట్లు పూర్తిగా నిండగా, పండ్రెండవదానిపై పది వరుసలు.

ఆ బూతులోని ఓటరును ఊహింపుడు. అతడు ఒక పెట్టె ముందు నిలుచుట లేదు; పెట్టెల వరుస వెంట నడచుచున్నాడు. తనకు కావలసిన గుర్తు ఏడవ పెట్టెలో నున్నదో, పదవ పెట్టెలో నున్నదో ఎట్లు తెలియును? ఏ పెట్టెకా పెట్టె తనలోని పదునారు పేర్లనే చెప్పును. ప్రక్క పెట్టెలో నేమున్నదో అది చెప్పజాలదు. పెట్టెల వరుస సంఖ్యను తెలుపు మీటలను సరిగా అమర్చి, ఆయా సంఖ్యకు తగిన పేర్ల కాగితమును ఆయా పెట్టెలోనే పెట్టినప్పుడే ఆ నీలపు మీటకు అర్థము. అయిదవ పెట్టె కాగితము ఆరవదానిలో పెట్టినచో ఒకరికి నొక్కిన ఓటు వేరొకరికి పోవును. యంత్రమందు దోషము లేకయే ఫలితము దోషయుక్తమగును. పెట్టెలను కలుపునది తంతి యని మనమనుకొందుము. కాని వానిని నిజముగా కలుపునది ముందురోజు రాత్రి దీపపు వెలుతురులో కాగితములను సరిచూచుకొన్న ఉద్యోగి శ్రద్ధ. నిజామాబాదులో ఆ పని నెరవేరినది. దేశమున మరెక్కడను అంతకుముందు పండ్రెండు ముఖముల ఓటుయంత్రము పనిచేయలేదు. రైతులు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా ఆరంభమైనది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక నా ఫిర్యాదు.

మన రాష్ట్రమున లోక్‌సభకు, శాసనసభకు ఒకేనాడు ఎన్నికలు జరుగుట ఆనవాయితీ. 2019 ఏప్రిల్‌లోను, 2024 మేలోను అట్లే జరిగినవి. అప్పుడు బూతులో మూడు పెట్టెలు కాదు, ఆరు. రెండు చాట్లు. ఒకదానిలో తెల్లని కాగితము, అది లోక్‌సభది. రెండవదానిలో గులాబిరంగు కాగితము, అది శాసనసభది. ఆరింటిని ఎరిగిన ఉద్యోగికి ఇది సులభము. ఓటరునకు?

అట్టి జంట ఎన్నికలు జరిగిన ఒకానొక సంవత్సరము నేను ఆళ్ళగడ్డ వైపు ఒక గ్రామమున ప్రిసైడింగు ఆఫీసరును. మిట్టమధ్యాహ్నపు వేళ డెబ్బదియేండ్లు దాటిన ఒక అవ్వ వచ్చినది. మొదటి చాటునకు పోయి మీట నొక్కినది. పెట్టె కూసినది. ఆమె బయటికి రాగానే రెండవ పెట్టె ఉద్యోగి మీట నొక్కెను, ఎఱ్ఱదీపము వెలిగెను. ఆమె రెండవ చాటునకు పోక నేరుగా వాకిటి వైపు నడచెను. "అవ్వా, ఇంకొక ఓటున్నది" అని నేను పిలిచితిని. ఆమె తిరిగి చూచి, "కుయ్యిమనె గదా నాయనా, ఇంగ అయిపాయ గదా!" అనినది. నేను చేయి చూపగా మరల లోపలికి వచ్చి, తనకు తెలిసిన మొదటి చాటునకే పోయినది. అచ్చటి పెట్టె మూతపడియున్నది. ఎంత నొక్కినను పలుకదు. చాటులోనికి నేను పోరాదు. ఏజెంటులు చూచుచున్నారు. దూరమునుండి 'అది కాదు, రెండవది' యని కేకవేయుట దప్ప నాకు దారిలేదు. వరుసలో నిలిచిన కుఱ్ఱవారు నవ్విరి. ఆ నవ్వు విన్నవెంటనే ఆమె ముఖము మారినది. "మిషను చచ్చిపాయ" అనుచు చరచర వెలుపలికి వెళ్ళినది. నేను వాకిటి వఱకు పోవునంతలో మనుమడు కాబోలు, చేయి పట్టుకొని తీసికొనిపోయెను.

రెండవ పెట్టెపై దీపము ఇంకను వెలుగుచునే యున్నది. నొక్కిన 'బ్యాలట్' మీటను రద్దుచేయుటకు వేరొక మీట లేదు. నియమము ప్రకారము తరువాతి ఓటరును నేరుగా లోపలికి పంపితిమి. రిజిస్టరులో ఆమె పేరునకెదురుగా 'ఓటు వేయక వెళ్ళిపోయెను' అని వ్రాయవలసివచ్చినది. అది నా చేతివ్రాతయే. అది నిజము కాదని నాకు తెలియును. ఆమె ఓటు వేసితిననియే తలచి వెళ్ళినది. తరువాత ఎన్ని సంవత్సరములు గడచినను ఆ పంక్తి నన్ను విడువలేదు.

తప్పు ఆమెది కాదు. రెండు పెట్టెలును ఒకే గొంతుతో కూసినవి. తెలుపు, గులాబి అను భేదము కన్నులకే గాని చెవికి లేదు. మొదటి ధ్వనికి అర్థము 'నీ పని సగము ముగిసినది' అని. రెండవదానికి అర్థము 'నీ పని ముగిసినది' అని. భిన్నార్థములు గల రెండు వాక్యములను ఒకే మాటతో చెప్పి, విన్నవారికి తెలియలేదని మనము నవ్వితిమి. తరగతిలో నేనట్లు మాటలాడినచో పిల్లలు నన్ను మన్నింతురా? పనిని పలు పరికరములకు పంచువాడు ప్రతి పరికరము చేతను రెండు సంగతులు చెప్పింపవలెను: తన భాగము ముగిసినదని ఒకటి, మిగిలిన భాగము ఎచ్చట నున్నదని మరొకటి. మన పెట్టెలు మొదటిదానిని చెప్పును. రెండవదానిని ఉద్యోగి వ్రేలు చెప్పుచున్నది.

ధ్వనిని మార్చుట పెద్ద విద్య కాదు. ఒకదానికి ఒక కూత, రెండవదానికి రెండు కూతలు పెట్టిననుకూడ చాలును. యంత్రమున ఏ మార్పు చేసినను అనుమానములు పుట్టునని కొందరందురు. మార్పులు జరుగుచునే యున్నవి గదా! అభ్యర్థి ఛాయాచిత్రము వచ్చినది. 2025లో బీహారు ఎన్నికల నుండి ఆ చిత్రమునకు రంగు కూడ వచ్చినది. కంటికి చేసిన ఉపకారము చెవికి చేయుటకు అడ్డమేమి?

వీవీప్యాట్ విషయమున నా అభిప్రాయము కొంత భిన్నము. ఇది 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదలైనది. ఆ తరువాతి నెలలో సుప్రీంకోర్టు కాగితపు ఆధారము అత్యవసరమని తీర్పు చెప్పినది. మన నంద్యాల శాసనసభ స్థానమునకు 2017 ఆగస్టులో జరిగిన ఉప ఎన్నికలో ఈ పెట్టెను వాడిరి. మొదటి రెండు పెట్టెలు పని కొరకు పుట్టినవి. ఇది నమ్మకము కొరకు పుట్టినది. మొదటి రెండింటిని నమ్మనివానికి సాక్ష్యము చూపుటకై మూడవ ముఖమును తెచ్చినారు. మంచిదే. కాని సాక్షి ఏడు సెకనులే నిలిచి మాటలాడినచో శుక్లములు కమ్మిన కంటికది చాలునా? పచ్చదీపమును చూచి, గుర్తును వెదకి, మీటను నొక్కి, వ్రేలు తీయునంతలో తల త్రిప్పి ప్రక్క పెట్టెను చూడవలెనని గుర్తుండునంతలో సగము కాలము గడచును. చూపు ఒక పెట్టెనుండి మరియొక పెట్టెకు పోవుటకు పట్టు కాలమును పెట్టెలు కూర్చినవారు లెక్కలోనికి తీసికొనవలెను. ఏడును పది చేసినచో 1000 మంది ఓటర్లు గల బూతులో దినమునకు హెచ్చు కాలము 50 నిముషములు. పెద్ద నష్టము కాదు.

చీటిలో తన అభ్యర్థి గుర్తు గాక వేరొకటి కనబడినదని ఓటరు చెప్పినచో వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను; అందరి యెదుట పరీక్ష ఓటు వేయవలెను; అబద్ధమని తేలినచో శిక్ష కలదు. అల్లరివారిని అరికట్టుటకు ఇది కావలసినదే. అయినను ఏడు సెకనులు మాత్రమే చూచినదానిని నమ్మి ఇంత సాహసము చేయువాడెవడు? చీటీలను లెక్కించుటలోను 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు శాసనసభ నియోజకవర్గమునకు ఐదు బూతులని నిర్ణయించినది. అన్నింటిని లెక్కింపవలెనన్న కోరికను 2024 ఏప్రిల్ 26న త్రోసిపుచ్చి, గుర్తులను యంత్రములోనికెక్కించు పరికరములను కూడ సీలువేసి 45 దినములు భద్రపరచుమని ఆజ్ఞాపించినది. ఈ తీర్పులను విమర్శించుట నా ఉద్దేశ్యము కాదు. పలు పరికరములు ఒకే మాట చెప్పుచున్నవా లేదా యని సరిచూచుటకు ఒక క్షణమును, ఒక మనిషిని ముందుగనే నియమింపవలెనని మాత్రమే నేను చూచుచున్నాను. ఇచ్చట ఆ మనిషి ఓటరు. ఆ క్షణము ఏడు సెకనులు.

ఇది విని నా విద్యార్థి, "మరి బడుల్లో ఇప్పుడు అన్నీ తెరలే గదా సార్" అనెను. నిజమే. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు టాబులు పంచిరి. నాడు–నేడు పథకములో తరగతి గోడలకు పెద్ద తెరలు వచ్చినవి. హాజరు మున్నగువాని కొరకు ఉపాధ్యాయుని ఫోనున్నది. ఒక గదిలో మూడు తీరుల తెరలు! వైజర్ ఊహించిన బిళ్ళలు, పలకలు, గోడబల్లలు మన పల్లె బడికే నడచివచ్చినవి. కాని నేను చూచిన తరగతులలో ఒకటి మరియొకదానిని ఎరుగదు. గోడమీద జరుగుచున్న పాఠము పిల్లవాని పలకకు తెలియదు. పిల్లవాడు పలకపై ఎచ్చట తడబడెనో పంతులు ఫోనునకు తెలియదు. ఓటుయంత్రమును ఎవరికేది తెలియరాదో ఆలోచించి విడదీసిరి. తరగతి తెరలు మాత్రము వేర్వేరు పద్దులలో కొనుటచేత విడివడియున్నవి. ఈ భేదము చిన్నది కాదు. పిల్లవాని కన్ను మూడుచోట్లకు పోవుటకు కారణము బోధనలో నుండవలెను గాని బిల్లులలో నుండరాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇందు ఒక అవకాశమున్నది. ఈ దేశమున పలు పెట్టెల యంత్రమును సామాన్య జనులచేత నడిపించిన అనుభవము కంప్యూటరు నిపుణులకు కాదు, మీకున్నది. నొక్కవలసిన మీట ఎచ్చట నున్నదో చేయి చూపక చెప్పుటెట్లో, చాటులోనికి పోకుండ భయపడినవానికి ధైర్యము చెప్పుటెట్లో, అభ్యాసపు ఓట్లు 50కి తగ్గకుండ వేయించి తరువాత వానిని చెరపుట మరువకుండుటెట్లో మీరెరుగుదురు. 'క్లోజ్, రిజల్ట్, క్లియర్' అని శిక్షణ తరగతులలో మంత్రమువలె వల్లించిన నోరులే మనవి. తరగతికి తెరలను పంపువారు ఒక్కసారియైనను మీ ప్రక్కన కూర్చుండి, మీ కన్ను ఎటు పోవుచున్నదో, పిల్లవాని కన్ను ఎటు పోవుచున్నదో చూచినారా? చూడలేదనియే నా యెరుక. చూడుమని అడుగుట మన పని.

చీకటి పడుచుండగా కట్ట దిగితిమి. ఆ అవ్వ సంగతి తరువాత మీరేమి చేసితిరని అతడడిగెను. ఆ పిమ్మట వచ్చిన ప్రతి జంట ఎన్నికలోను నేను ఒక పని చేయుచున్నాను. వాకిటి యొద్దనున్న ఉద్యోగిని, బయటికి వచ్చు ప్రతివారిని ఆపి, "రెండుసార్లు కూసిందా?" అని అడుగుమందును. ఎవరికి వేసిరని కాదు, ఎన్ని కూతలు వింటిరని. నా దగ్గరనున్న నియమముల పుస్తకమున ఈ ప్రశ్న లేదు. ఒకసారి ఒక ఏజెంటు ఆక్షేపించెను కూడ. కారణము చెప్పగా ఊరకుండెను. ఆనాడు ముగ్గురు ముసలివారు వాకిటినుండి వెనుకకు తిరిగి రెండవ చాటునకు పోయిరి.

నా విద్యార్థి ఆ ప్రశ్నను నిలుచున్నచోటనే తన ఫోనులో వ్రాసికొనెను. తెలుగు పదము మాట మరల ఎత్తలేదు.